గుట్ట మీద తీసిన అక్క ఫోటో

మొన్న మా అక్క పెద్దకర్మకు మందమర్రి వెళ్లాను. బస్సు దిగి, మోకాళ్లను బతిమాలుకుంటూ కార్మికుల కాలనీలో వాళ్ల క్వార్టరున్న సందు మలుపు తిరిగేసరికి, షామియానా పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద మా అక్క పేరు, ఆ కింద కొడుకులు, కోడళ్లు, మనవల పేర్లు, మధ్యలో బంతిపూల దండ వేసుకుని, పొద్దుటి ఎండకు కళ్లు కొద్దిగా చికిలించి, నవ్వు ఆపుకోలేక నవ్వుతున్న ఒక పడుచుపిల్ల ముఖం. ఆ ముఖం మా అక్కది కాదు, నాది.

నా ఈడు వాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. ఈ వయసులో పొద్దున లేచి కాళ్లు నేలకు ఆనితే అదే పదివేలు అనుకుంటాం గాని, కళ్లు తెరిచి ఉండగానే తన ఫోటోకు వేసిన దండను తానే నిలబడి చూసుకునే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? మొదట నా కళ్ల మీదనే అనుమానం వచ్చింది. శుక్లాలు తీయించుకుని కొన్నాళ్లే అయింది మరి. చేతిసంచీ కింద పెట్టి, దగ్గరికి పోయి, మెడ ఎత్తి చూశాను. కుడి కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడ్డ గాటు కూడా ఉంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు నా ముఖానికి దండం పెట్టి, పూలు చల్లి, లోపలికి పోయి భోజనాలకు కూర్చుంటున్నారు.

అక్క చిన్నకోడలు నన్ను చూసి, ఒకసారి కావలించుకుని ఏడ్చి, ఆ తరువాత అసలు ఫోటో తెచ్చి చూపించింది. అక్క ట్రంకుపెట్టెలో, కట్టని పట్టుచీరల అడుగున దొరికిందట. పాత కలర్ ప్రింట్లన్నీ ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడిపోతాయి కదా, అదీ అలాగే ఎర్రబడింది. నేను నిలబడి నవ్వుతున్నాను. కుడివైపు అంచున తెల్లదుప్పటి కొస ఒకటి, దాన్ని పట్టుకున్న నాలుగు నల్లటి వేళ్లు. ఫ్లెక్సీలో ఆ వేళ్లు లేవు. ఫ్లెక్సీ షాపు అబ్బాయి వాటిని తుడిపేసి, అక్కడ నీలాకాశం పెట్టి, రెండు పావురాలను ఎగరేశాడు. ఆ వేళ్లే మా అక్కవి. ఆ ఫోటోలో ఆమె ఉన్నది అంతవరకే.

అది తీసిన రోజు నాకు నిన్న జరిగినట్టు గుర్తుంది. మాది హుస్నాబాద్ దగ్గరి పల్లె. బాపుకు మేమిద్దరమే ఆడపిల్లలం. అక్కకు నాకు ముక్కు, నుదురు, గడ్డం అన్నీ ఒక్క తీరే, రంగు మాత్రం వేరు. నేను అవ్వ రంగు, అవ్వ అంటే మా అమ్మ, అక్క బాపు రంగు. బాపు నలుపును గురించి ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. అదే నలుపు అక్కకు వచ్చేసరికి అది ఇంటిల్లిపాదికీ ఒక పని అయి కూర్చుంది. శనగపిండి, పసుపు, పాలమీగడ, ఎవరో చెప్పిన ఎర్రమన్ను, ఎవరో తెచ్చిన గొట్టంలోని మందు, ఒకటేమిటి, వారానికొకటి ఆమె ముఖం మీద పూసేవాళ్లు. మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, పొద్దున్నే వాకిట్లో కూర్చుని పోయేవాళ్లను పిలిచి, మా పెద్దదాని రంగు ఏమన్నా తేలినట్టు కనబడుతున్నదా అని అక్క ముందే అడిగేది. దయగల వాళ్లు జర తేలిందనేవాళ్లు. ఆ అబద్ధం విన్నప్పుడు అక్క ముఖం చూడాలి.

అట్లాగని అక్క నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. ఆమె నోటికి బాపమ్మ కూడా ఒక్కోసారి వెనక్కి తగ్గేది. పొడుగు మనిషి, నడిస్తే దుమ్ము లేచేటట్టు నడిచేది, ఎవరినైనా ఒకసారి చూస్తే చాలు, వాళ్ల నడక, మాట, దగ్గు అన్నీ దింపేసేది. రాత్రి అన్నాలయ్యాక అక్క ఊరివాళ్లను ఒక్కొక్కరినే మా ముందు నిలబెడుతుంటే నేను కడుపు పట్టుకుని దొర్లేదాన్ని. ఆమెకు సంబంధాలు చూడడం మొదలుపెట్టాక ఆ ఆటలు తగ్గాయి.

అప్పట్లో మా వైపు పిల్లను చూడడానికి రాకముందే ఫోటో అడగడం కొత్తగా మొదలైంది. బస్సు ఖర్చు దండగ కదా, ఫోటో చూసి నచ్చితేనే వస్తామనేవాళ్లు. అక్క ఫోటోలు పోయిన దారినే తిరిగి వచ్చేవి. ఒకరు తిరిగిచ్చేటప్పుడు వెనుక వైపు ఎవరి సరుకుల లెక్కో రాసి ఇచ్చారు. ఆ ఫోటోలన్నీ తీసింది మా చిన్నబాపే, అంటే బాపు తమ్ముడు. ఆయనకు హుస్నాబాద్ బస్టాండు దగ్గర స్టూడియో ఉండేది. వెనుక పరదా మీద చంద్రుడు, జలపాతం, హంసలు. ముందర కూర్చునేవాళ్లు రైతులు, కూలీలు. తాను ఇక్కడ పుట్టవలసిన మనిషిని కాదని, ఇక్కడివాళ్ల ముఖాలు తన కళకు సరిపోవని ఆయనకు ఒక దుగ్ధ ఉండేది. ఫోటో బాగా వస్తే కెమెరా గొప్ప, రాకుంటే ముఖం తప్పు.

ఆ చలికాలం చొప్పదండి వైపు నుంచి ఒక టీచరు సంబంధం వచ్చింది. సర్కారు ఉద్యోగం, పిల్లగాడు నెమ్మదస్తుడు, అడిగింది ఫోటో ఒక్కటే. మాఘంలో ముహూర్తాలున్నాయి గనుక తొందరగా పంపమన్నారు. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇక పెద్దదాని పెళ్లి మాట మరిచిపోవలసిందేనని బాపమ్మ తేల్చేసింది. అప్పుడు చిన్నబాపుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన కలర్ రీలు ఒకటి కొత్తగా కొని దాచుకుని ఉన్నాడు. మా ఊరి గుట్ట మీది నుంచి పొద్దుపొడుపు ఫోటో తీసి, పెద్దగా చేయించి, స్టూడియో ముందు అద్దంలో పెట్టాలని ఆయన ఎన్నాళ్లుగానో కలవరిస్తున్నాడు. ఆ పనీ ఈ పనీ కలిపేశాడు.

“స్టూడియో లైట్లకేమెరుక వదినా. పొద్దువొడుపు ఎండ మొఖమ్మీద పడ్డదంటె బొగ్గు సుత బంగారమైతది. నువ్వు ఫికర్ వెట్టుకోకు” అని అవ్వకు చెప్పాడు. బొగ్గు అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతున్నది.

మరునాడు కోడి కూయకముందే మమ్మల్ని లేపారు. పుష్యమాసం చలి, నోరు తెరిస్తే పొగ. అక్కకు అవ్వ పెళ్లినాటి పట్టుచీర కట్టారు, ముఖానికి పౌడరు వరసల మీద వరసలు వేశారు, మెడకు కూడా పూశారు, చేతులకు పూయబోయి డబ్బా అయిపోయిందని ఊరుకున్నారు. బయలుదేరేటప్పుడు అక్క గొంగడి కప్పుకోబోతే చిన్నబాపు లాగేశాడు, చీర మడతలు నలిగిపోతాయట. నేను మాత్రం స్వెటరు వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, జేబులో కాల్చిన పల్లికాయలు పోసుకుని, జాతరకు పోతున్నట్టు బయలుదేరాను. బాపు బ్యాటరీ లైటు పట్టుకుని ముందు, చిన్నబాపు కెమెరా సంచీ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెనుక, మధ్యలో అవ్వ, అక్క, నేను. బాపమ్మ గడపలో నిలబడి అక్కకు చివరి మాట చెప్పింది. నవ్వకు, నవ్వితే పండ్లు తప్ప ఏం కనవడవు, అని.

ఆ గుట్ట ఎక్కడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటే, సీతాఫలాల కాలంలో రోజూ ఎక్కేవాళ్లం. కాని పట్టుచీర కట్టుకుని, కుచ్చిళ్లు రెండు చేతులా పైకి పట్టుకుని, వణుకుతూ ఎక్కడం వేరు. మంచుకు అక్క ముఖం మీద పౌడరు తడిసి ఉండలు కట్టింది. అవ్వ ప్రతి మలుపు దగ్గరా ఆపి కొంగుతో తుడిచి మళ్లీ సర్దేది. దారి పొడుగునా చిన్నబాపు అక్క రంగు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమెతో కాదు, బాపుతో, పొలంలో నీరు నిలుస్తున్నదని మాట్లాడుకున్నట్టు. నలుపు వెలుతురును మింగేస్తుందట, తెలుపు వెనక్కి విసురుతుందట, అందుకని మింగినంత మింగనిచ్చి మిగిలినది పట్టుకోవాలట. బాపు ఊ కొడుతూ నడిచాడు. తన వెనుక నడుస్తున్నది తన రంగే అని ఆయనకు ఒక్కసారైనా తట్టిందో లేదో నాకు తెలియదు.

పైన చదునుగా పెద్దబండ ఉండేది. అక్కడికి చేరేసరికి తూర్పు తెల్లబడింది, కింద పొలాల మీద మంచు పాలు పోసినట్టు నిలబడి ఉంది. కాసేపటికి పొద్దు అంచు కనబడి తొలి ఎండ బండ మీద పడింది. చిన్నబాపు కెమెరా బయటికి తీసి, ముందు చిన్నదాన్ని నిలబెట్టి ఒకటి తీసి చూద్దాం, తెల్లతోలు మీద వెలుతురు అందాజు దొరికితే నల్లతోలు మీద ఎంత పెంచాలో తెలుస్తుంది అన్నాడు. నా స్వెటరు తీయించి, అవ్వ మెడలోని గొలుసు నాకు వేసి, తూర్పుకు ముఖం పెట్టి నిలబెట్టాడు. ఒక పక్క నీడ పడుతున్నదని, వెంట తెచ్చిన తెల్లదుప్పటిని ఎవరైనా పట్టుకోవాలన్నాడు. పొడుగ్గా ఉన్నది అక్కే గనుక ఆమెనే పట్టుకోమన్నాడు. అక్క పట్టుచీరలో, చలికి గజగజ వణుకుతూ, రెండు చేతులా దుప్పటి ఎత్తి పట్టుకుని, తన పెళ్లి కోసం తెచ్చిన వెలుతురంతా నా ముఖం మీదికి తిప్పింది.

నేను నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు. అయినా బిగుసుకుపోయి నిలబడ్డాను. అప్పుడు అక్క ఆ దుప్పటి చాటు నుంచి, చిన్నబాపు చూడకుండా, చిన్నబాపును దించింది. ఒక కన్ను మూసి, పెదవి పక్కకు లాగి, మెడ కొంగలా చాచి. నాకు నవ్వు ఆగలేదు. ఆయన మీట నొక్కాడు. నిలువెత్తు ఫ్లెక్సీ మీద బంతిపూల దండ వేసుకుని నేను నవ్వుతున్న ఆ నవ్వు అదే.

అంతలో పొద్దు నిండుగా పొడిచింది. చిన్నబాపుకు పూనకం వచ్చినంత పనైంది. మంచులోంచి ఎర్రటి పళ్లెంలా లేస్తున్న సూర్యుణ్ణి చూడగానే ఆయనకు స్టూడియో ముందటి అద్దం, దాని ముందు ఆగి నోరు తెరిచి చూసే జనం కనబడి ఉంటారు. అక్కను జబ్బ పట్టి లాక్కుపోయి బండ అంచున, సూర్యుడికి అడ్డంగా నిలబెట్టాడు, పటాలలో దేవతల తల వెనుక ఉన్నట్టు సూర్యబింబం సరిగ్గా ఆమె తల వెనుక రావాలట. దుప్పటి ఊసు ఎత్తలేదు. అక్కే అడిగింది.

“చిన్నబాపు, ఎండ నా ఈపుకు కొడుతున్నది. మొఖానికి గాదు.”

“నువ్వు నేర్పుతవా నాకు? నోరు మూసుకొని నిలవడు. నవ్వకు.”

అక్క నోరు మూసుకుని నిలబడింది. చలిగాలికి ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోబోతే కదలవద్దని కేక. ఆయన కూర్చుని తీశాడు, పడుకుని తీశాడు, బండ దిగి కింద నుంచి తీశాడు, రీలు తిరగనని మొరాయించే దాకా తీశాడు. దిగేటప్పుడు ఎంత సంబరంగా ఉన్నాడంటే, నా జేబులోని పల్లికాయలన్నీ తీసుకుని ఆయనే తినేశాడు.

రీలు కడిగించడానికి కరీంనగర్ పంపాలి. ఇప్పటి పిల్లలకు ఆ ఎదురుచూపు తెలియదు. తీసింది ఎట్లా వచ్చిందో తెలియకుండా వారమో పదిరోజులో దాన్నే తలుచుకుంటూ బతకాలి. ఆ రోజుల్లో అక్క ఇంట్లో మెల్లగా పాడుకుంటూ పని చేసేది, అది నేను విన్నాను. చిన్నబాపు కవరు పట్టుకుని వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదీ అరుగు మీద చేరాం. మొదటిది నా ఫోటో. ఎండకు ముఖం మెరిసిపోతున్నది, నన్ను నేనే గుర్తుపట్టలేదు. దాని తరువాత వచ్చినవన్నీ అక్కవి. ఎర్రటి సూర్యుడు, బంగారు మబ్బులు, కింద పాలసముద్రం, మధ్యలో ముక్కూ ముఖమూ లేని ఒక నల్లటి ఆకారం. ఎన్ని తీసినా అదే.

బాపమ్మ, మబ్బుల మీద మసిగుడ్డ ఆరేసినట్టున్నది అన్నది. నవ్వులు మొదలయ్యాయి. పక్కింటివాళ్లు వచ్చారు, ఫోటోలు చేతులు మారాయి, చూసినవాళ్లు చూసినట్టు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే. ఎదుటివాళ్లు నవ్వకముందే తాను నవ్వేయడం ఆమె పద్ధతి. నవ్వి నవ్వి, బిందె తీసుకుని బాయి దగ్గరికి పోయింది, చీకటి పడేదాకా రాలేదు. చిన్నబాపు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని, ఎంత చేసినా రంగు మింగేసింది, నేనేం చేయను అన్నాడు. ఎదురెండలో నిలబెట్టి తీసింది తానని ఆయన చివరి దాకా ఒప్పుకోలేదు. ఆ ఫోటోల్లో ఒకటి పెద్దది చేయించి స్టూడియో ముందు పెట్టుకున్నాడు కూడా. గొప్పగా ఉందని, ఎవరో దేవకన్యలా ఉందని ఊరివాళ్లు మెచ్చుకున్నారు. ఎవరో తెలియనంతవరకు అక్క అందరికీ నచ్చింది.

చొప్పదండి వాళ్లు తొందరపెడుతున్నారు. ఇంకో రీలు కొనే ఓపిక ఎవరికీ లేదు. నా ఫోటోనే అక్క ఫోటో అని పంపుదామన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో గాని, తేల్చింది చిన్నబాపు.

“అక్కచెల్లెండ్లు ఒక్కతీర్గనే ఉంటరు. గంత దూరంకెళ్లి వచ్చెటోళ్లు ఎవలు గుర్తువడ్తరు? ఎండల తీసినం, గందుకే తెల్లగ వచ్చింది అంటె సరి.”

అక్క ఒప్పుకోలేదు. ఆమె అంత గట్టిగా ఏ మాటకూ అడ్డం పడడం నేను చూడలేదు. “నాది గాని మొఖం జూసి వచ్చినోళ్లు, వచ్చినంక నా మొఖం జూసి ఏమంటరు? గా మాట మీరు పడ్తరా, నేను పడాల్నా?” అన్నది. బాపు లేచి వాకిట్లోకి పోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపమ్మ, ముందుగాల వాళ్లను గడప తొక్కనీ, అన్నం తిన్నోళ్లు కాదనరు, అన్నది. చిన్నబాపు నా ఫోటో అంచున పడ్డ వేళ్లను కత్తెరతో కత్తిరించి, మధ్యవర్తి చేతికి ఇచ్చి పంపాడు. కత్తిరించని ప్రింటు ఇంకొకటి ఇంట్లో మిగిలిపోయింది.

వాళ్లకు ఫోటో బ్రహ్మాండంగా నచ్చింది. ఆ వారంలోనే వచ్చారు. నన్ను పొద్దున్నే పక్కింట్లో కూర్చోబెట్టి, పిలిచేదాకా బయటికి రావద్దన్నారు. లోపల జరిగింది అవ్వ నాకు ఎన్నో ఏళ్ల తరువాత చెప్పింది. పిల్లగాడి తల్లి, అంటే తరువాత నాకు అత్తగారైన ఆమె, అక్కను చూసి, చేతిలోని ఫోటో చూసి, మళ్లీ అక్కను చూసి లేచిందట. లేచి, అక్క గడ్డం కింద చెయ్యి పెట్టి, సంతలో బర్రెదూడ నోరు చూసినట్టు ముఖం ఎత్తి, కిటికీ వైపు తిప్పి, చెంప పక్కన ఫోటో పెట్టి పోల్చి చూసిందట. “గీ ఫోటోల పిల్ల ఏది?” అని అడిగిందట. అక్కే చెప్పిందట, నా చెల్లె, పక్కింట్ల ఉన్నది, అని.

నన్ను పిలుచుకుపోవడానికి బాపమ్మే స్వయంగా వచ్చింది, ఆమె నడకలో ఆ ఉషారు నేను అంతకుముందు చూడలేదు. లంగాఓణీలో ఉన్నదాన్ని వాళ్ల ముందుకు తీసుకుపోగానే, చీరలో చూస్తామన్నారు. మా ఇంట్లో పట్టుచీర ఒక్కటే. వెనుక గదిలో అక్క ఒంటి మీది చీర విప్పి నాకు కట్టారు. అది ఇంకా వెచ్చగా ఉంది. అవ్వ ఎంత పెట్టినా కుచ్చిళ్లు కుదరడం లేదు. అక్క అవ్వను పక్కకు జరిపి, లోపలి పావడ మీదనే నా ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పెట్టింది.

“నిలవడు సక్కగ. ఏడువకు, పౌడర్ కారుతది” అన్నది. ఆ తరువాత నా బొట్టు సరిచేసి, గది తలుపు తానే తెరిచింది.

పెద్దది ఉండగా చిన్నదానికి పెళ్లి చేయడం మా ఇళ్లల్లో అంతకుముందు లేదు. ఆ మాఘం నుంచి ఉంది. మా ఆయన మంచి మనిషి, ఆ సంగతి చెప్పకపోతే పాపం. ఆ రోజు వచ్చిన దగ్గర్నుంచి లేచేదాకా తన కాలివేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. బతికినన్నాళ్లూ అక్క ముందు తల ఎత్తి మాట్లాడలేదు. అక్కకు మరుసటేడు మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే ఆయనతో పెళ్లైంది. ఆయన ఫోటో అడగలేదు, పొద్దుటి షిఫ్టు దిగి ఆ బట్టల మీదనే వచ్చి, చాయ్ తాగి, నాకు ఇష్టమే అని చెప్పిపోయాడు. బొగ్గుకు బొగ్గు దొరికిందని బాపమ్మ ఆ పెళ్లిలో వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి నవ్వించింది.

అక్క నన్ను ఎన్నడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాని నేను ఎప్పుడు వాళ్లింటికి పోయినా, ఎంతమంది ఉన్నా సరే, ఫోటోల పిల్ల వచ్చింది, కుర్చీ వెయ్యుండ్రి, అనేది. అందరూ నవ్వేవాళ్లు, ఏదో చిన్ననాటి ముద్దుపేరు అనుకుని. అక్క నా ముఖం చూసేది, నేను కూర్చునేదాన్ని. అది ఆమె హక్కు అనుకుని ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఇక ఆమె ఫోటో అంటారా, గుట్ట దిగిన నాటి నుంచి తీయనివ్వలేదు. మా అమ్మాయి పెళ్లిలో వీడియో అతను లైటు పట్టుకుని దగ్గరికి వస్తే కొంగు ముఖం మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి అన్నం తిన్నది. సర్కారు వాళ్లు కార్డు కోసం తీసింది ఒక్కటే ఆమె ఫోటో. మరి నా ఫోటోను అన్నేళ్లు ట్రంకుపెట్టెలో ఎందుకు దాచుకున్నదో నాకు తెలియదు. అడుగుదామంటే మనిషి లేదు.

ఆ రోజు భోజనాలు సాగుతున్నాయి. నా వెనుక ఎవరో ఇద్దరు ఆడవాళ్లు ఫ్లెక్సీ చూస్తూ, వయసులో ఎంత తెల్లగ ఉండె, ఏమన్న కళనా, బాయి దుమ్ముకు ఎట్లయిపోయెనో పాపం, అనుకుంటున్నారు. మా అక్క తెల్లనిది కావడానికి చావవలసి వచ్చింది. అక్క పెద్దకొడుకు వడ్డనవాళ్లను గదమాయిస్తూ అటు వచ్చాడు. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, నెమ్మదిగా, వాడు నొచ్చుకుంటాడేమోనని భయపడుతూ చెప్పాను. బిడ్డా, గా ఫోటో మీ అవ్వది గాదు, నాది, అని.

వాడు ఉలిక్కిపడలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“ఎర్కనే చిన్నమ్మా. అవ్వనే ఒకసారి చూపిచ్చి చెప్పింది. ఆధార్ కార్డుల ఫోటో మరీ నల్లగుండె, షాపాయన గూడ మంచిగ రాదన్నడు. నువ్వు, అవ్వ ఒక్కతీర్గనే ఉంటరు గదా, ఎవలు గుర్తువడ్తరు?”

చిన్నబాపు పోయి ఎంతో కాలమైంది, వాడు ఆయనను చూడను కూడా చూడలేదు. ఆ మాట మాత్రం, పొల్లు పోకుండా, ఆమె కన్నకొడుకు నోట విన్నాను. రేపు పొద్దున తీసేస్తాం లే చిన్నమ్మా, ఒక్క రోజుకేం, అని నా భుజం తట్టి, పప్పు అయిపోయిందని ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. మంచి పిల్లగాడే. తల్లిని చివరి రోజుల్లో చేతుల మీద మోసుకు తిరిగాడు.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. గ్రానైటు కోసం కోసి, పలకలు చేసి, లారీల మీద ఎటో పంపేశారు, మేం నిలబడ్డ బండ ఎవరి ఇంట్లో నేలై ఉందో. రీళ్లు లేవు, కడిగించడం లేదు, కవరు కోసం వారం రోజులు ఎదురుచూడడం లేదు. నల్లపిల్లను తెల్లపిల్లగా చేయడానికి చలిలో గొంగడి లాగేసి గుట్ట ఎక్కించే పని లేదు, షాపులో కుర్చీలో కూర్చున్న అబ్బాయి చాయ్ తాగుతూ చేసేస్తాడు. ఎంత సుఖమైపోయిందో చూడండి. మా కాలంలో అక్కను కనబడకుండా చేయడానికి ఇంటిల్లిపాదీ కష్టపడవలసి వచ్చింది.

నేను భోజనం చేయలేదు. ఆకలి లేదని చెప్పి, ఫ్లెక్సీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాను. అక్క బండ అంచున నిలబడ్డప్పుడు చిన్నబాపు ఎదురుగా ఉన్నాడు గనుక ఆయన కెమెరాకు నలుపే దొరికింది. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఎండ ఆమె చెంప అంచు మీదుగా జారి మెడ మీదికి దిగింది, చలికి కారిన కన్నీరు గడ్డం దాకా వచ్చి ఆగింది, ఆమె పెదవులు బిగించి దూరంగా ఎటో చూస్తున్నది. అంత అందమైన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ సంగతి నేను ఆమెతో ఎన్నడూ అనలేదు, మేం అట్లాంటి మాటలు అనుకునేవాళ్లం కాదు. ఆ ముఖం చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, నా తరువాత అది ఇక ఎక్కడా ఉండదు.